కుమాసీలో అంత్యక్రియలకి ఏ గుడ్డ కట్టుకోవాలి? అదింక్రా గుర్తులు, కెంటే, మన చీరాల గళ్ళ రుమాళ్ళ సంగతి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ ఉద్యోగం ఘనా దేశపు రేవు పట్టణం తేమాలో. మీ మేనేజర్ గారి తల్లి పోయారు. కుమాసీ పక్కన వాళ్ళ సొంతూళ్ళో శని, ఆదివారాలు కార్యక్రమం, మీ దంపతులిద్దరినీ పిలిచారు. మీ శ్రీమతి మన పద్ధతిలో తెల్లచీర కట్టుకుందామనుకుంటున్నారు. మీరేమో రాజధాని అక్రాలో కొన్న కెంటే, అంటే ఇక్కడి రంగురంగుల నేతగుడ్డ, కప్పుకుంటే గౌరవంగా ఉంటుందేమో అంటున్నారు. ఇక్కడ గుడ్డల మీద అద్దే అదింక్రా గుర్తుల పటం ఒకటి నెట్‌లో చూశారు, ఏ గుర్తున్న గుడ్డ కొనాలో తేలక టెన్షన్ పడుతున్నారు. ఇవి కాక, చీరాలలో మీ తాతగారు నేసిన గళ్ళ రుమాళ్ళని ఇంట్లో "ఆఫ్రికా సరుకు" అనేవారట, అవి ఈ దేశానికే వచ్చేవా అని అడిగారు.

ముందు పనికొచ్చే మాట చెప్పేస్తాను. శనివారం తెల్లచీర వద్దు, కెంటే కూడా వద్దు. ఆ కుటుంబంలో ఎవరికైనా ఫోన్ చేసి "శనివారం ఏ రంగు, ఆదివారం ఏ రంగు" అని అడగండి. ఇక్కడ అలా అడగడాన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు. చనిపోయిన మనిషి ఫొటోతో ఊరంతా అంటించే పోస్టర్ అడుగున కూడా చాలాసార్లు రాసే ఉంటుంది, ఎరుపూ నలుపా, నలుపూ తెలుపా అని. ఆ సంగతి తెలిసేదాకా గుడ్డ కొనకండి. గుర్తుల గురించి మీరు పడుతున్న బెంగలో సగం అక్కడే తీరిపోతుంది. ఎందుకంటే గుడ్డని చూడగానే ఇక్కడివాళ్ళు మొదట చూసేది రంగు, తర్వాత అది ఎవరి ఒంటి మీద ఎలా ఉందన్నది. గుర్తు చివరికి వస్తుంది.

కుమాసీ ప్రాంతపు అసాంతే వాళ్ళకి, వాళ్ళతో కలిపి మొత్తంగా అకాన్ జనానికి, చావు రంగులు ఎరుపు, నలుపు, ముదురు గోధుమ. పాత పద్ధతి గుడ్డలకి వేర్వేరు పేర్లున్నాయి. ఎర్రదాన్ని కోబెనె అంటారు, చెట్టు వేళ్ళ రంగులో ముంచిన ముదురు గోధుమదాన్ని కుంటుంకుని అంటారు, నల్లదాన్ని బిరిసి అంటారు. ఎరుపు దగ్గరి రక్తసంబంధానిది. కొడుకులు, కూతుళ్ళు, మేనల్లుళ్ళు ఎర్రగుడ్డలో, తలకి ఎర్రపట్టీతో కనిపిస్తారు. అకాన్‌లకి వంశం తల్లివైపు నుంచి నడుస్తుంది కాబట్టి మేనల్లుడి స్థానం మన ఇళ్ళల్లో కంటే చాలా పెద్దది. మీలాంటి ఆఫీసు వాళ్ళు, స్నేహితులు నలుపులో ఉంటే చాలు. ముందు వరసల్లో నిండు ఎరుపు కట్టుకున్నవాళ్ళు కనిపిస్తే ముఖ్యమైన దుఃఖితులు వాళ్ళేనని అర్థం చేసుకోండి, ఆ కుర్చీల్లోకి వెళ్ళి కూర్చోకండి.

తెలుపు ఇక్కడ గెలుపు రంగు, సంతోషం రంగు. బిడ్డకి పేరు పెట్టే రోజు తెలుపు, కోర్టులో కేసు గెలిస్తే ఒంటి మీద చల్లే పొడి తెలుపు. మరి చావులో నలుపూ తెలుపూ కలిపి ఎందుకు వేస్తారంటే, పండుటాకులా రాలిపోయిన మనిషి అయినప్పుడు, అంటే మనవల్నీ మునిమనవల్నీ చూసి పోయిన పెద్దావిడ అయినప్పుడు, అది ఏడుపు ఒక్కటే కాదు, నిండుగా బతికిందన్న తృప్తి కూడా. మీ మేనేజర్ తల్లి వయసు మీరు రాయలేదు. ఎనభై దాటిన మనిషైతే శనివారానికే నలుపు తెలుపు చెప్పి ఉండొచ్చు. ఆదివారం చర్చిలో కృతజ్ఞత ప్రార్థన ఉంటుంది, ఆ రోజు మాత్రం ఎక్కువమంది తెలుపే. మీ శ్రీమతి తెల్లచీర ఆ రోజుకి సరిగ్గా సరిపోతుంది.

శనివారం చీరే కట్టుకోవచ్చా అంటే నిక్షేపంగా కట్టుకోవచ్చు. నలుపో, ముదురు మెరూనో, జరీ లేనిది, అంచు పెద్దగా మెరవనిది. మెడలో బంగారం తగ్గించమనండి. పరాయి దేశస్థులు తెల్లచీరలో వచ్చినా మొహం మీద ఎవరూ ఏమీ అనరు, అంత మర్యాదస్తులు. అందుకే ముందుగా తెలుసుకుని వెళ్ళడం మన బాధ్యత. ఇక్కడి పద్ధతిలో కుట్టించుకోవాలనుకుంటే కాబా, స్లిట్ అని జాకెట్టు, పొడవు లంగా లాంటి జత ఉంటుంది. పైన కప్పుకోవడానికి అదే గుడ్డ ఇంకో ముక్క. కుట్టేవాళ్ళు వారం రోజులు తీసుకుంటారని వేసుకోండి, శుక్రవారం ఇస్తామంటే నమ్మకండి.

మగవాళ్ళ గుడ్డ వేరే కథ. కుట్టు లేని పెద్ద దుప్పటంత గుడ్డని ఒంటికి చుట్టి, ఎడమ భుజం మీద వేసుకుని, కుడి భుజాన్ని బయటికి వదిలేస్తారు. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. పంచె అలవాటున్నవాళ్ళకి కూడా మొదట్లో జారుతూనే ఉంటుంది. ఇక్కడి పెద్దమనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని విదిల్చి భుజం మీద సర్దుకునే తీరు చూస్తే, అది చిన్నప్పటి నుంచీ వచ్చిన అలవాటని తెలుస్తుంది. సంప్రదాయ నాయకుడి ఎదుటికి వెళ్ళేటప్పుడు గుడ్డని భుజం మీంచి కిందికి దించి, చెప్పులు విడిచి వంగుతారు. ఆ నాయకుడు మాత్రం చెప్పులతోనే ఉంటాడు, ఆయన అరికాలు నేలకి తగలకూడదు. సాధన లేకుండా శనివారం నాడు మొదటిసారి ఈ గుడ్డ చుట్టుకుని వెళ్ళడం కంటే నల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఎంతో నయం. నా సలహా అదే.

ఇప్పుడు గుర్తులు.

మీరు చూసిన పటంలో ఒక్కో బొమ్మ కింద ఒక్కో మాట రాసి ఉంటుంది. బలం, ఓర్పు, ఐకమత్యం, వివేకం, ఇలా. అది తప్పు కాదు గానీ చప్పిడి కూడు. ఆ గుర్తుల వెనక ఎక్కువగా ఉండేది సామెతలు. సామెత అన్నాక ఎవరు, ఎప్పుడు, ఎవరితో అన్నారన్నదాన్ని బట్టి దాని పదును మారుతుంది. కోడికాలు గుర్తు ఉంది, అకోకో నాన్. పటంలో "పెంపకం, క్రమశిక్షణ" అని ఉంటుంది. దాని వెనకున్న మాట, కోడి తన పిల్లల్ని తొక్కుతుంది గానీ చంపదు అని. తల్లి చనిపోయిన ఇంట్లో ఆ గుర్తున్న గుడ్డ కడితే, ఆవిడ మమ్మల్ని కొట్టి పెంచినా కడుపులో పెట్టుకుని పెంచిందని చెప్పడం. అదే గుర్తు బడి గోడ మీద ఉంటే పిల్లలకి ఇంకోలా వినిపిస్తుంది.

నిచ్చెన గుర్తు చూశారా, ఓవువో అట్వెదీ? చావు నిచ్చెన. అది ఒక్కరే ఎక్కేది కాదు, అందరూ ఎక్కాల్సిందే అని దాని మాట. చావు గుడ్డ మీద ఇంతకంటే నేరుగా చెప్పేది లేదు. పొట్టేలు కొమ్ముల గుర్తు ద్వెన్నిమ్మెన్, బలం ఉన్నా తల వంచడం దాని అర్థం. ఒక్క పొట్ట పంచుకున్న జంట మొసళ్ళ గుర్తు నాకు అన్నిట్లోకీ ఇష్టం. పొట్ట ఒకటే, ఎవరి నోట తిన్నా చేరేది ఒకచోటికే, అయినా తిండి కోసం కొట్టుకుంటాయి. ఆస్తి పంపకాలు జరగబోయే ఇంట్లో దాన్ని చూసి చిన్నగా నవ్వుకునే ముసలివాళ్ళు ఉంటారు. బేడీల గుర్తు ఎపా. ఎవరి బేడీలు నీ చేతికి ఉన్నాయో వాడికి నువ్వు బానిసవి, అని దాని వెనకున్న సామెత. పటంలో దానికి "చట్టం, న్యాయం" అని మర్యాదగా రాసేస్తారు.

జే న్యామే అన్నది "దేవుడు తప్ప" అనే గుర్తు. దాన్ని గురించి అసలు బెంగ వద్దు. అది టాక్సీల వెనక, చర్చి గోడల మీద, పెళ్ళి కార్డుల మీద, ఆఖరికి మీరు శనివారం కూర్చోబోయే ప్లాస్టిక్ కుర్చీ వీపు మీద కూడా ఉంటుంది. సాంకోఫా, వెనక్కి తిరిగి చూసే పక్షి, దాదాపు అంతే విరివిగా దొరుకుతుంది. మరిచిపోయినదాని కోసం వెనక్కి వెళ్ళడం తప్పు కాదని దాని మాట. హృదయం ఆకారంలో మెలికలు తిరిగిన ఇంకో రూపం కూడా దానిదే, పటంలో రెండూ వేర్వేరు గుర్తులని అనుకోకండి. సరైన రంగు గుడ్డ మీద ఈ రెండింట్లో ఏది ఉన్నా మీకు ఇబ్బంది లేదు.

మీకు శుక్రవారం తీరికుంటే కుమాసీ నుంచి మాంపాంగ్ వెళ్ళే రోడ్డులో ఎన్టొన్సో ఊరు ఉంది, అక్కడ ఆగండి. అదింక్రా అద్దకం ఊరు అది. మామూలు టూరిస్టు తిరుగుడు కంటే వంద రెట్లు విలువైన ఆగడం. బాదియె అనే చెట్టు బెరడు తెచ్చి, పై పొట్టు గీకేసి, లోపలి బెరడు నానబెట్టి, రోట్లో వేసి పొడుగాటి రోకళ్ళతో దంచుతారు. తర్వాత డ్రమ్ముల్లో ఉడికించి, వడకట్టి, మళ్ళీ గంటల తరబడి మరిగిస్తారు. మొదట టీ డికాక్షన్‌లా ఉన్నది చివరికి తారులా చిక్కబడి నిగనిగలాడుతుంది. పాత పద్ధతిలో ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం కూడా వేసేవారు.

అచ్చులు చూస్తే మీకు ముచ్చటేస్తుంది. ఎండిన సొరబుర్ర పెంకు ముక్క మీద చాకుతో గుర్తు చెక్కి, వెనకాల సన్నటి పుల్లలు గుచ్చి పిడిగా కట్టుకుంటారు. పెంకు వంపుగా ఉంటుంది కదా, అందుకని దాన్ని మన పెడన అద్దకంవాళ్ళ చెక్క అచ్చులా మీద గుద్దరు. రంగులో ముంచి, ఒకసారి విదిల్చి, గుడ్డ మీద ఒక అంచు ఆనించి రెండో అంచు దాకా ఊపినట్టు దొర్లిస్తారు. చెయ్యి తిరిగినవాళ్ళది చకచకా సాగుతుంది. అంతకంటే ముందు చెక్క దువ్వెన లాంటిదాన్ని రంగులో ముంచి గుడ్డంతా గళ్ళు గీస్తారు, ఒక్కో గడిలో ఒక్కో గుర్తు వరసలుగా పడుతుంది. గుడ్డ పరిచేది నేల మీదే, కింద మెత్తటి పరుపు లాంటిది వేసి మేకులు గుచ్చి బిగిస్తారు.

రంగుల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డని కరక్కాయ నీళ్ళల్లో ముంచి, ఇనుప ముక్కలూ బెల్లం ఊరబెట్టిన నీటితో గీస్తే నల్లగా తేలుతుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు. ఎన్టొన్సోలో బెరడు వగరు, ఇనుప చిట్టెం. మాలీ దేశంలో బంబారా ఆడవాళ్ళు వేసే బోగోలాన్ మట్టిగుడ్డలో ఆకుల కషాయం వగరు, ఏడాది పాటు మాగబెట్టిన చెరువు బురదలోని ఇనుము. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నదేమీ కాదు, ఇనుము, వగరు ఎక్కడైనా ఒకేలా పనిచేస్తాయి. తేడా ఏమిటంటే కలంకారీ ఉతుకులకి ఆగుతుంది, సంప్రదాయ అదింక్రా ఆగదు. దాన్ని ఉతికే గుడ్డగా ఎవరూ చెయ్యలేదు. మీరు ఎన్టొన్సోలో చేతి అద్దకం కొంటే వాషింగ్ మెషీన్‌లో మాత్రం వెయ్యకండి.

అయితే శనివారం నాడు మీ చుట్టూ కనిపించే గుడ్డల్లో చేతి అద్దకం తక్కువే ఉంటుంది. ఎక్కువ భాగం స్క్రీన్ ప్రింట్, మిల్లు ప్రింట్. కొన్ని మీ తేమా మిల్లుల్లోవే అయ్యుంటాయి, కొన్ని చైనా నుంచి దిగిన నకళ్ళు. దాన్ని చూసి సంప్రదాయం పోయిందని పెదవి విరిచేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను. మిల్లు గుడ్డే కావచ్చు, దాన్ని ఎప్పుడు కట్టాలో, ఎవరు కట్టాలో అన్న లెక్క చెక్కుచెదరలేదు.

అదింక్రా పుట్టుక గురించి మీకు గైడు ఒక కథ చెప్తాడు. పక్క రాజ్యం జ్యామన్ రాజు కోఫీ అదింక్రా అసాంతే రాజు బంగారు పీఠానికి నకలు చేయించుకున్నాడట, దాంతో యుద్ధం వచ్చి 1818 ప్రాంతంలో ఓడిపోయి చనిపోయాడట, అతను కట్టుకున్న గుడ్డ నుంచి అసాంతేలు ఈ విద్య నేర్చుకున్నారట. యుద్ధం నిజమే, రాజూ నిజమే. కానీ 1817లోనే కుమాసీ వచ్చిన బౌడిచ్ అనే ఇంగ్లీషువాడు తీసుకెళ్ళిన అదింక్రా గుడ్డ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మనకి దొరికినవాటిలో పాతది అదే. యుద్ధానికి ముందే గుడ్డ ఉన్నప్పుడు, యుద్ధం వల్ల వచ్చిందనడం కుదరదు. బౌడిచ్ ఇంకో మాట కూడా రాశాడు: ఉత్తరాది నుంచి వచ్చిన తెల్లగుడ్డల మీద దుఃఖ సమయాల కోసం కోడి ఈకతో గుర్తులు గీస్తారని, దూరం నుంచి చూస్తే అచ్చు వేసినట్టే ఉంటుందని. అంటే చావుతో ఈ గుడ్డకున్న ముడి రెండు వందల ఏళ్ళ కిందటే గట్టిగా ఉంది. 1825లో నెదర్లాండ్స్ రాజు కోసం చేయించిన ఇంకొకటి లైడెన్ మ్యూజియంలో ఉంది, మధ్యలో డచ్చి రాజచిహ్నం, చుట్టూ అసాంతే గుర్తులు. గైడు కథ మాత్రం అడ్డుచెప్పకుండా వినండి, బాగా చెప్తారు.

ఇక మీ కెంటే. అది ఎందుకు వద్దన్నానంటే కెంటే పండగ గుడ్డ. పెళ్ళికి, పట్టాభిషేకానికి, ఆరు వారాలకోసారి ఆదివారం నాడు కుమాసీలోని మాన్‌హియా రాజభవనంలో జరిగే అక్వాసిదాయ్‌కి కడతారు. అక్కడ అసాంతేహెనె, అంటే అసాంతే రాజు, పెద్ద గొడుగుల కింద బంగారంతో కూర్చుంటారు. ఎరుపూ నలుపూ కట్టుకున్న ముందు వరసల మధ్య మీరు పసుపు, ఆకుపచ్చ మెరిసిపోతూ వెళ్ళారనుకోండి, ఎలా ఉంటుందో ఊహించుకోండి. దాన్ని దాచుకోండి, మీ మేనేజర్ పిల్లల పెళ్ళికి పనికొస్తుంది.

బోన్‌విరే ఊరి నేతగాళ్ళ మగ్గం చూస్తే మీ తాతగారి ఊరు గుర్తొస్తుందేమో గానీ పని తీరు పూర్తిగా వేరు. గుడ్డ బెత్తెడు వెడల్పు పట్టీగానే వస్తుంది. పడుగుని, అంటే నిలువు దారాల్ని, నేల మీద బారుగా ముందుకి లాగి, చివర బరువైన రాయి కట్టి ఉంచుతారు. నేస్తున్న కొద్దీ ఆ రాయి దుమ్ములో కొంచెం కొంచెంగా మనిషి వైపు జరుగుతూ వస్తుంది. తొక్కుడు చెక్కలుండవు, కాలి వేళ్ళ మధ్య పట్టుకున్న తాళ్ళతోనే పడుగు పైకీ కిందికీ లేస్తుంది. మగవాళ్ళ గుడ్డకి అలాంటి పట్టీలు పాతిక దాకా పక్కపక్కన పెట్టి కుడతారు. కుట్టేటప్పుడు ఒక పట్టీలో పేకతో, అంటే అడ్డదారంతో, వచ్చిన బొమ్మ పక్క పట్టీలో ఖాళీకి ఎదురుగా పడాలి, లేకపోతే చదరంగం బల్ల లాంటి ఆ అందం రాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఓపోకు వారే రాజు కాలంలో యూరపు పట్టు బట్టల్ని దారం దారంగా విప్పి మళ్ళీ నేయించేవారని డేనిష్ వర్తకులు రాశారు. 2024 డిసెంబరులో యునెస్కో కెంటే నేతని వారసత్వ జాబితాలో చేర్చింది. తూర్పున ఎవే జనానికి తమ కెంటే వేరే ఉంది, అక్కడ పక్షులు, జంతువులు, పీటలు నేతలోనే బొమ్మలుగా వస్తాయి. అక్రాలో మీరు కొన్నది ఏదో ఫొటో చూస్తే చెప్పొచ్చు.

కెంటే నమూనాలకి పేర్లుంటాయి, ఆ పేర్లే గుడ్డ మాట్లాడే మాటలు. ఘనా మొదటి నాయకుడు క్వామే ఎన్‌క్రుమా 1957 చివర్లో ఈజిప్టు అమ్మాయి ఫాతియాని పెళ్ళి చేసుకున్నప్పుడు ఒక నమూనాకి "ఫాతియా ఎన్‌క్రుమాకి తగినది" అని పేరు పెట్టారు. 1966లో సైన్యం ఎన్‌క్రుమాని దించేశాక అదే నమూనాని "ఒక్క మనిషి దేశాన్ని ఏలడు" అని పిలవడం మొదలుపెట్టారు. నేత మారలేదు, రంగు మారలేదు, ఒక్క పేరే మారింది. ఎన్‌క్రుమా స్వయంగా 1957 మార్చి 5 అర్ధరాత్రి దాటి 6 రాగానే స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు కెంటే వేసుకోలేదు, ఉత్తరాది చొక్కా ఫుగు వేసుకున్నాడు. దేశమంటే అసాంతే ఒక్కటే కాదని ఆ బట్టతో చెప్పినట్టే. గుర్తుల పటాల్లో ఇలాంటివి ఎక్కడా ఉండవు.

మార్కెట్లో ఆడవాళ్ళు మిల్లు ప్రింట్లకి పెట్టే పేర్లు ఇంకా గడుసువి. "మంచి పూసలు చప్పుడు చెయ్యవు" అని ఒక ప్రింటు ఉంది, మన నిండు కుండ తొణకదు అన్నట్టే. సవతి నోరు పారేసుకుంటుంటే ఆ గుడ్డ కట్టుకుని ఆమె ఎదురుగా నడిచి వెళ్ళడం, ఒక్క మాట అనక్కర్లేదు. "ఇంటి గులకరాయి" అని ఇంకొకటి, ఇంట్లోవాళ్ళు గుచ్చితే నొప్పెక్కువని. కాబట్టి శనివారానికి బజారులో గుడ్డ కొనేటప్పుడు అమ్మే ఆవిణ్ణి "దీని పేరేంటమ్మా" అని తప్పక అడగండి. చావింటికి అని చెప్పండి. సరిపడనిదైతే ఆవిడే తీసి పక్కన పెట్టేస్తుంది.

ఇప్పుడు మీ తాతగారి రుమాళ్ళు. వాటి ప్రధానమైన గమ్యం ఘనా కాదు, నైజీరియా. చీరాల చుట్టుపక్కల నేసిన ఆ సరుకుని వ్యాపారంలో రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అనేవారు, చీరాలలో పెద్దవాళ్ళని ఆర్.ఎం.హెచ్.కె. అని అడిగితే వెంటనే చెప్తారు. మద్రాసు మీదుగా వెళ్ళింది కాబట్టి ఆ పేరు. నైజర్ నది డెల్టాలో బుగుమా, అబొన్నెమా ఊళ్ళలో ఉండే కలబారి జనం ఈ గళ్ళ గుడ్డని ఇంజిరి అంటారు. ఇగ్బోలు, చుట్టుపక్కల వాళ్ళు ఇండియా గుడ్డని జార్జ్ అంటారు, మద్రాసు సెయింట్ జార్జి కోట పేరు మీదుగా. ఇప్పుడు జార్జ్ అంటే ఎంబ్రాయిడరీ పట్టు కూడా, పెళ్ళిళ్ళలో దానిదే రాజ్యం.

కలబారి వాళ్ళు మన గుడ్డని ఉన్నదున్నట్టు వదల్లేదు. ఆడవాళ్ళు కూర్చుని, సూదితో ఒక్కో దారాన్ని పైకి లేపి, బ్లేడుతో తెంపి, లాగేస్తారు. ఎక్కువగా తీసేది తెల్లవి, లేతరంగువి. ముదురు దారాలు మిగిలి, గళ్ళ మధ్యలోంచి కొత్త నమూనా తేలుతుంది, గుడ్డ జల్లెడలా పలచబడి మెత్తగా అవుతుంది. దాన్ని పెలెటె బితె అంటారు. మీ తాతగారు పేక తర్వాత పేక కొట్టి నింపినదాన్ని అక్కడ ఇంకో చెయ్యి దారం దారంగా ఖాళీ చేసి తనది చేసుకుంటుంది. దాంతో ఆ గుడ్డ పరాయి సరుకు కాకుండా పోతుంది. ఇండియా గుడ్డ అని తెలిసీ, "ఇది కలబారి గుడ్డ" అని వాళ్ళు ధీమాగా చెప్తారు. నాకు అందులో తప్పేమీ కనపడదు.

అక్కడా ఈ గుడ్డకి చావుతోనే పెద్ద సంబంధం. పెద్ద వయసులో పోయిన మనిషికి ఇంట్లో గదుల్లో మంచాలు అలంకరించి, రాత్రంతా ఒక గది నుంచి ఇంకో గదికి మార్చి పడుకోబెడతారు. మంచాల మీద, గోడల మీద ఆ కుటుంబం తరతరాలుగా పెట్టెల్లో దాచిన గుడ్డలు మడతలు వేసి అమరుస్తారు. ఇంజిరికి అందులో ముఖ్యమైన చోటు. పెట్టెలో ఎంత పాత ఇంజిరి ఉంటే ఆ ఇల్లు అంత పాతదని లెక్క. మగవాళ్ళ బట్టలకి కూడా అంతస్తులున్నాయి. కుర్రవాళ్ళు ఎటిబో వేస్తారు, కాస్త నిలదొక్కుకున్నవాళ్ళు వోకో, నాయకులు దోని, ఎబు. ఆ ఎబు ఈ మద్రాసు గళ్ళ గుడ్డతోనే కుట్టేది.

ఈ వర్తకానికి చీకటి వైపు కూడా ఉంది, దాన్ని వదిలేసి మురిసిపోవడం నాకు ఇష్టం లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో కోరమాండల్ తీరపు నూలుబట్టల్ని యూరపు కంపెనీలు పశ్చిమాఫ్రికా రేవులకి తీసుకెళ్ళింది మనుషుల్ని కొనడానికి కూడా. మన మగ్గాల గుడ్డ బానిస వ్యాపారంలో మారకంగా నడిచింది. మీ తాతగారి కాలం నాటికి అది ముగిసి చాలాకాలమైంది, అయినా ఆ దారి అప్పుడు పడిందే.

చివరిగా శనివారం పద్ధతి రెండు మాటల్లో. పందిట్లోకి వెళ్ళగానే కూర్చోకండి. వరసగా కూర్చున్న కుటుంబ సభ్యులకి కుడి చివర నుంచి మొదలుపెట్టి ఎడమ వైపు నడుస్తూ, కుడిచేత్తో షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటూ వెళ్ళండి. ఎడమచెయ్యి ముందుకి రానివ్వకండి, జేబులో కూడా వద్దు. ఒక పక్క బల్ల వేసుకుని చందా పుస్తకంతో కూర్చున్నవాళ్ళు ఉంటారు. దాన్ని ఎన్సావా అంటారు, ఖర్చులకి చుట్టాలూ స్నేహితులూ ఇచ్చే సాయం. డబ్బు కవరులో పెట్టి మీ మేనేజర్ చేతికి ఇవ్వకండి, ఆ బల్ల దగ్గరే ఇవ్వండి. రసీదు రాసిస్తారు, మైకులో మీ పేరూ మొత్తమూ చదువుతారు. మన పెళ్ళిళ్ళలో చదివింపులు చూసినవాళ్ళకి ఇదేమీ కొత్తగా ఉండదు. ఎంత ఇవ్వాలో మీ ఆఫీసులో ఘనా స్నేహితుణ్ణి అడగండి, ఆఫీసు తరఫున అందరూ కలిపి ఇస్తున్నారేమో కూడా కనుక్కోండి. అలా అయితే అందరికీ ఒకే గుడ్డ కుట్టిస్తున్నారేమో కూడా అప్పుడే తెలిసిపోతుంది, మీరు విడిగా కొనే పనే ఉండదు.